మడి, మాలిన్యము, మనోవ్యాధి: ‘మహానుభావుడు’ చిత్రమును గూర్చి

చలనచిత్ర విమర్శకు సాహిత్యపత్రికలో చోటేల యని కొందఱు చదువరు లడుగవచ్చును. ప్రహసనమును హాస్యనాటకమును విమర్శకు దగినవైనచో, వానికంటె నెన్నోరెట్లు జనులు చూచుచున్న చిత్రకథ మాత్రము దగదనుట న్యాయము కాదు. దేనిని జూచి నవ్వవలెనో, దేనిని జూచి నవ్వరాదో మన పిల్లలకు నేడు తెర నేర్పినంతగా మఱి యేదియు నేర్పుట లేదు. అందుచేత 2017వ సంవత్సరము సెప్టెంబరు 29వ తేదీన విడుదలయైన ‘మహానుభావుడు’ అను తెలుగు చిత్రమును గూర్చి మాకు దోచిన మాటలు వ్రాయదలచితిమి. చిత్రము వచ్చి యేండ్లు గడచినవి. దాని పాటలను గొందఱు మఱచియు నుందురు. కాని యది మన యిండ్లలో విడిచిపోయిన మాట యొకటి యిప్పటికిని దిరుగుచున్నది. భోజనమునకు ముందు రెండు మాఱులు చేతులు గడుగుకొన్న బాలుని, పుస్తకములను వరుసగా సర్దుకొన్న బాలికను ‘ఓసీడీ’ యని పిలిచి నవ్వుట మే మెఱిగిన పెక్కు కుటుంబములలో వాడుకయైనది. ఒక వ్యాధి పేరు ఎగతాళి మాటగా మాఱినపుడు, ఆ వ్యాధితో నిజముగా బాధపడువారి గతి యేమగునో విచారించుట విమర్శకుని పనియే.

కథ తెలియనివారికై సంగ్రహముగా జెప్పెదము. దర్శకుడు మారుతి. నాయకుడు ఆనంద్, ఆ పాత్రను శర్వానంద్ ధరించెను. అతడు నగరములో సాఫ్టువేరు కొలువు చేయు యువకుడు. శుభ్రతయం దాతనికి మితిమీఱిన పట్టుదల. ధూళి, చెమట, తుమ్ము, ఎంగిలి మున్నగువానిలో దేని జాడ కనబడినను వెనుకకు దుముకును. మెహ్రీన్ ధరించిన మేఘన యను యువతిని వలచును. ఆమె తండ్రి పల్లెటూరి పెద్ద. ఆ పాత్ర నాజరుది. నాయకుని శుభ్రతాభ్రమ ఆ ప్రేమ కడ్డు వచ్చును. కడకు నాయకుడు పల్లెకు బోయి, మట్టిలో దిగి, కుస్తీపట్టి తన్ను దాను నిరూపించుకొనును. ఇదియే కథ. ఇదే దర్శకుడు 2015లో దీసిన ‘భలే భలే మగాడివోయ్’ చిత్రములో నాయకుని లోపము మతిమఱపు. మనస్సునకు సంబంధించిన లోప మొకదానిని గైకొని, దాని చుట్టును నవ్వు నల్లుట ఈ దర్శకునకు జేయి తిరిగిన పని.

చిత్రమునందలి మంచిని మొదట జెప్పుట ధర్మము. ఇందు గ్రౌర్యము లేదు. నాయకుడు దుష్టుడు కాడు. ప్రేక్షకుడు వానిని జూచి నవ్వుచునే వాని మేలు గోరును. అతని స్థితికి దయ్యమనియో, గ్రహచారమనియో, పూర్వజన్మ పాపమనియో కారణము చెప్పక, వైద్యులు పెట్టిన పేరునే పెట్టిరి. మన హాస్యచిత్రములలో వెఱ్ఱివాడనగా జుట్టు విరబోసికొని చొక్కా చింపుకొనువా డనియే చిరకాలముగా జూపుచుండిరి. ఉద్యోగము చేయుచు, మర్యాదగా మాటలాడుచు, మన ప్రక్కనే కూర్చుండువానికిని మనోవ్యాధి యుండవచ్చునని చూపుట చిన్న మేలు కాదు. ఇంతవఱకు దర్శకుని బ్రశంసింపవలసినదే.

ఇక నా వ్యాధి యెట్టిదో చూతము. వైద్యులు దానిని ‘ఒబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్’ అందురు. తెలుగున జెప్పవలసినచో నందు రెండు భాగములు గలవు: బలవంతపు తలపు, బలవంతపు చేత. ‘ఈ తలుపు గడియను దాకితిని, నా చేతికేదో యంటినది, నా మూలమున నా బిడ్డకు రోగము వచ్చును’ అను తలపు పిలువకయే వచ్చును. త్రోసివేసినకొలది మరల వచ్చును. అది యర్థము లేని తలపని రోగికి దఱచుగా దెలిసియే యుండును. తెలిసినందువలన భయము తగ్గదు. భయము తగ్గుటకై చేయి కడుగుకొనును. కొంతసే పుపశమనము కలుగును. ఆ యుపశమనమే రోగికి ఉరి. కడుగుటచేతనే యాపద తప్పినదని మనస్సు పాఠము నేర్చుకొనును; మఱునాడు భయము ఇంకను బలముగా వచ్చి యింకను ఎక్కువగా గడుగుమనును. ఒకటి రెండగును, రెండు పది యగును, కొన్నాళ్ళకు సబ్బుబిళ్ళ లరుగును, వ్రేళ్ళ సందులు పగిలి నెత్తురు గనబడును. అప్పుడును ‘శుభ్రమైనది’ అను నమ్మకము మాత్రము కుదురదు. ఇట్టి తలపులలోను జేతలలోను దినమునకు గంటకు మించిన కాలము గడచుచున్నను, అందుచే జీవనమునకు భంగము కలుగుచున్నను వ్యాధిగా నెంచుట వైద్యుల పద్ధతి. నూటికి ఒకరిద్దఱు జీవితములో నెప్పుడో యొకప్పు డీ వ్యాధి పాలగుదురు. తఱచుగా నది కౌమారమునందో, తొలి యౌవనమునందో పొడసూపును. మాలిన్యభయము దాని రూపములలో నొకటి మాత్రమే. తాళమును బదిమాఱులు లాగి చూచుట, లెక్కపెట్టుకొనుట, పూజాగృహములో నిలిచినపుడు దైవదూషణపు తలపు వచ్చినదని వణకుట మొదలగున వన్నియు దాని రూపములే.

ఈ వ్యాధికి మన యిండ్లలో వేఱు పేరు లేదు. ఉన్న పేర్లన్నియు వేఱొక దానికి జెందినవి. ‘చాదస్తము’ అందుము. ఆ మాట ‘ఛాందసము’ నుండి వచ్చినది. ఛాందసుడనగా మొదట వేదము చదివినవాడు. ‘మడిపిచ్చి’ యందుము. అది యాచారమునకు జెందిన మాట. ‘అంటు’ అను చిన్నమాట యెంత దూరము ప్రాకినదో చూడుడు. తాకుట అంటుట. తాకినందువలన వచ్చు దోషము అంటు. తిని విడిచిన గిన్నెలు అంట్లు. ఒకరినుండి యొకరికి సోకు తెగులు అంటువ్యాధి. మనుష్యుని మనుష్యుడు తాకరాదనిన ఘోరము అంటరానితనము. రాజమహేంద్రవరము చేరువనున్న కడియపు తోటలలో ఒక మంచి కొమ్మను మఱియొక మొక్కకు జేర్చి బ్రతికించు విద్య అంటుకట్టుట. ఇన్ని యర్థములు గల మాటను నోట బట్టుకొని యొక గృహిణి ‘అంటు, అంటు’ అని వెనుకకు జరుగునపుడు, ఆమె యాచారమును జెప్పుచున్నదో, ఆరోగ్యమును జెప్పుచున్నదో, వ్యాధి యామెచే బలుకించుచున్నదో ఇంటివారికి దెలియదు. తెలియదు గనుక నలవాటైన యర్థమునే గ్రహింతురు. ‘మా యత్తగారికి మడి యెక్కువ’ అను నొక్క వాక్యముతో ముప్పదియేండ్ల బాధ ముగిసిపోవును.

ఆచారమునకును వ్యాధికిని భేద మెట్లు తెలియును? ఈ ప్రశ్నకు సమాధానము మనము చిన్నచూపు చూచు స్మృతులలోనే కొంత దొరకుట వింతగా నుండును. మనుస్మృతి యైదవ యధ్యాయములో శుద్ధిని గూర్చి యొక నియమము గలదు. కంట బడని దోషము దోషము కాదట. సందేహమున్నచో నీటితో గడిగినది శుద్ధమట. అటుపైనను సందేహమున్నచో పెద్దలు ‘శుద్ధము’ అని నోట బలికిన శుద్ధమట. యాజ్ఞవల్క్యస్మృతియు నిట్లే చెప్పుచున్నది. మన్నుతో జేయు శౌచమునకు సైతము ఇన్నిమాఱు లని లెక్క గలదు. గృహస్థునకొక లెక్క, బ్రహ్మచారి మొదలగువారి కంతకంతకు మించిన లెక్క. ఆ స్మృతులు మనుష్యులలో గల్పించిన యెక్కువతక్కువలను మేము త్రోసిపుచ్చుచున్నాము. అందులకు మాకు సంశయము లేదు. అయినను ఈ యొక్క విషయమున ఆ శాస్త్రకారులు లోకము నెఱిగినవారు. శుద్ధియందు సందేహమునకు హద్దు పెట్టనిచో మనుష్యుడు బ్రతుకజాలడని వారికి దెలియును. కావుననే మడికి ముగింపు గలదు. స్నానము చేసి, తడి యాఱిన బట్ట గట్టి, వంట ముగించినంతనే మడి విడుచుటయు నాచారములోనిదే. వ్యాధికి ముగింపు లేదు. కంటబడని దోషమే వ్యాధిగ్రస్తునకు బెద్ద దోషము. నీటితో గడిగినను చాలదు. పెద్దలు ‘శుద్ధమే’ యన్నను నిమిషము నిలువదు, ‘నిజముగానా? మరల జెప్పుడు’ అని యడుగును. మనువు సందేహమునకు వేసిన మూడు గడియలును వాని తలుపునకు బనిచేయవు. ఇదియే రెంటికిని గల భేదమని మా యభిప్రాయము.

శుభ్రత యనునది మూడవది. దానికిని మడికిని సంబంధ మంతగా లేదు. మన గోదావరి డెల్టాలో, 1852లో ధవళేశ్వరపు టానకట్ట పూర్తియైన నాటినుండి కాలువ నీరే ప్రాణము. ఆ కాలువలోనే పశువులను గడుగుట, బట్టలుతుకుట, స్నానము చేయుట; ఆ నీటితోనే చెఱువులు నింపుకొని త్రాగుట. ఆ రేవులో మునిగి తడిబట్టతో వచ్చినవారికి మడి కుదిరినది. సూక్ష్మదర్శినితో జూచువానికి మాత్రము శుభ్రత కుదురలేదు. శుభ్రత విజ్ఞానమునకు జెందినది. 1847లో వియన్నా నగరపు ప్రసూతిశాలలో సెమ్మెల్‌వైస్ అను వైద్యుడు, శవపరీక్ష చేసిన చేతులతోడనే వైద్యులు ప్రసవములు చేయుచుండుట గని, సున్నపు క్లోరిన్ నీటితో జేతులు గడుగుకొనుమని కట్టడి చేసెను. బాలింతల మరణములు వేగముగా దగ్గెను. అట్టి చేతి కడుగుటకు కారణము గలదు, కొలత గలదు, ఫలము గలదు. మడి యొక కట్టుబాటు, శుభ్రత యొక జ్ఞానము, మాలిన్యభయ మొక వ్యాధి. ఈ మూటిని వేఱుచేసి చూపని కథ యెంత నవ్వించినను మన కేమియు నేర్పదు.

ఇచ్చట మన సంస్కర్తల నవ్వును గూర్చి రెండు మాటలు చెప్పవలసియున్నది. రాజమహేంద్రవరము తెలుగు ప్రహసనమునకు బుట్టినిల్లు వంటిది. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1874లో ‘వివేకవర్ధని’ని స్థాపించి, ప్రహసనములు వ్రాసి, మూఢాచారములను నవ్వుచేతనే గొట్టిరి. 1881 డిసెంబరు 11వ తేదీన ఈ నగరముననే తొలి వితంతు వివాహము జరిపించినపుడు, దానికి దోడ్పడినవారిని వెలివేయుదుమని పూర్వాచారపరు లెంత బెదరించిరో చదువరు లెఱుగుదురు. నాడు మైల యనునది భయము మాత్రమే కాదు, బలవంతుల చేతి యాయుధము. ఎవ్వరి నెవ్వరు తాకవలెనో, ఎవ్వరి యింట నీరు త్రాగవలెనో నిర్ణయించువా డూరినేలువాడు. అట్టివానిని జూచి నవ్వుట వీరత్వము. ఆ నవ్వువలన నొరిగినది గర్వము, బయటపడినది బానిసత్వము.

ఆ నవ్వునే వ్యాధిగ్రస్తునిమీదికి ద్రిప్పినపుడు ఏమి యొరుగును? వానికి బలము లేదు, గర్వము లేదు. వాడు మొదట దన్నే హింసించుకొనుచున్నాడు. నవ్విన కొలది రహస్యముగా గడుగుకొనును. చేతులు వెనుకకు దాచుకొనును. పెండ్లికి బోడు, బంధువుల యింట భోజనము చేయడు. అడిగినచో కడుపునొప్పి యనును. వైద్యుని యొద్దకు బోవుట కాతని కేండ్లు పట్టును. మన తెలుగు హాస్యము, ప్రహసనమునుండి చిత్రమునకు వచ్చుచు, తన నవ్వును దెచ్చుకొన్నది గాని యా నవ్వు ఎవ్వరిమీద బ్రయోగింపవలెనో యా వివేకమును ద్రోవలో జాఱవిడిచినది. ‘మహానుభావుడు’ అను పేరే యిందులకు సాక్షి. తెలుగువాడు ‘మహానుభావా!’ యని రెండు విధములుగా ననును: ఒకప్పుడు చేతులు జోడించి, ఒకప్పుడు నీకొక దండమని విసిగి. చిత్రమునకు బెట్టినది యా రెండవ దండమే.

చిత్రములోని దోషములను ఇక వరుసగా జెప్పెదము. మొదటిది: నాయకుని బాధయంతయు బయటనే యున్నది. ఇతరుల చెమట, ఇతరుల ధూళి, ఇతరుల తుమ్ము. అతడు మిగిలినవారికంటె శుభ్రుడు, కొంచె మెక్కువ సున్నితుడు, అంతే. ఈ వ్యాధి యొక అభిరుచి యని, ఒక పట్టుదల యని చూచువాడు తలచును. లోపలి సందేహము, ‘నావలన నితరులకు హాని కలుగును’ అను దోషభావము, గంటలకొలది కాలము వ్యర్థమగుట, సిగ్గు చిత్రమున లేవు. నిజమునకు మాలిన్యభయము గల తల్లికి దన చేయి తన బిడ్డకు దగులునను భయము పెద్దది. తన శుభ్రతను జూచి గర్వించు తల్లి గాదు ఆమె; తన్ను దాను విషముగా భావించు తల్లి. ఆమెను జూచి యెవ్వరును నవ్వరు. కావుననే హాస్యచిత్రమున కామె పనికిరాలేదు.

రెండవది: ఇంటివారు లేరు. ఈ వ్యాధి యొక్కని వ్యాధి గాదు, ఇంటి వ్యాధి. రోగి భయమును జూడలేక కుటుంబము సాయపడును. బజారునుండి వచ్చిన భర్త వాకిటనే బట్టలు విడువవలెను. పిల్లలు బడినుండి వచ్చి పెరటి దారిని స్నానపుగదికి బోవలెను. కూరగాయలు మూడు నీళ్ళలో గడుగవలెను. ‘చేతులు శుభ్రముగా నున్నవి గదా?’ యని యడిగినపుడు ‘ఉన్నవి, ఉన్నవి’ యని యందఱును జెప్పవలెను. ప్రేమచేతనే చేసినను, ఈ సాయము వ్యాధికి ఎరువు. మనువు మూడవ గడియగా జెప్పిన ‘పెద్దల మాట’ ఇచ్చట మందు గాక విషమగును. చెప్పినకొలది యడుగుట పెరుగును. మన దేశమున దీనికి ఆచార మను గొడుగు గూడ దొరకినది. కోనసీమలో గాని, భీమవరము ప్రాంతమున గాని, ఒక సంప్రదాయపు టింట ముత్తైదువ దినమునకు నాలుగు మాఱులు తలస్నానము చేసినను ‘నిష్ఠాపరురాలు’ అని మ్రొక్కుదురే గాని, వైద్యుని బిలువరు.

మేము పాఠశాలలో చాలకాలముగా బనిచేయుచున్నాము. కుళాయి యొద్ద నిలిచి తరగతికి జాగుగా వచ్చు బాలుని సోమరి యని శిక్షించుట, వ్రాసినది తుడిచి మరల మరల వ్రాయు బాలికను ‘నెమ్మది’ యని మార్కులు తగ్గించుట ఉపాధ్యాయ లోకమున సామాన్యము. ఆ బాలుని యఱచేతులు పొడిబారి పగిలియుండుటను జూచినవారు తక్కువ. ఇట్టి పిల్లలు చిత్రము చూచి నేర్చుకొను పాఠమేమి? తన బాధకు బేరున్నదని తెలిసికొందురు, అది మేలు. ఆ పేరు విన్నంతనే హాలంతయు నవ్వునని గూడ తెలిసికొందురు. ఈ రెండవ పాఠము మొదటిదానిని మ్రింగివేయును.

మూడవ దోషము ముఖ్యమైనది: చికిత్స. చిత్రమున వ్యాధికి మందు ప్రేమ. ప్రేయసికొఱకు మట్టిలో దిగుట, కుస్తీ పట్టుట, విజయము. ఈ సన్నివేశమున దర్శకుడు, తాను దెలిసికొనకుండగనే, సత్యమునకు మిక్కిలి చేరువకు వచ్చెను. 1966లో లండనున విక్టర్ మేయర్ అను మనశ్శాస్త్రవేత్త యిద్దఱు రోగులను గూర్చి ప్రకటించిన చికిత్స యిట్టిదే: భయపడు వస్తువును దాకుట, తాకిన పిమ్మట గడుగుకొనకుండ నుండుట. దాని పెరిగిన రూపమే నేడు లోకమంతట ఈ వ్యాధికి ముఖ్యమైన మానసచికిత్స. అందు ప్రాణము రెండవ భాగముననే యున్నది. మట్టిని ముట్టుట సులభము. ముట్టిన చేతిని గడుగక గంటసేపు కూర్చుండి, భయము గొండవలె లేచి, కడుగకున్నను దనంతట తానే మెల్లగా గ్రుంగిపోవుటను జూచుట కష్టము. అట్లు చూచిననాడు మనస్సు క్రొత్త పాఠము నేర్చుకొనును. అదియు నొక్క నాటితో గాదు. చిన్న భయముతో బ్రారంభించి, మెట్టు మెట్టుగా, రోగి యిష్టముతో, చికిత్సకుని తోడ్పాటుతో, వారములకొలది సాగవలెను. చిత్రము మట్టిని జూపినది. మట్టి తరువాతి గంటను జూపలేదు. ఆ గంటలోనే కథ యున్నది. ఇష్టము లేనివానిని బట్టి మట్టిలో ద్రోసిన జికిత్స గాదు, హింస. చిత్రము చూచి, ‘పెండ్లి చేసిన నన్నియు సర్దుకొనును’ అని తలచు తలిదండ్రులకు బలమిచ్చుట యిందలి నష్టము. అట్టి పెండ్లిలో నొక యమాయకురాలు, లేదా యమాయకుడు, చికిత్సకునిగా నియమింపబడును. చికిత్స కుదురనిచో నేరము వారిపై బడును.

హాస్యచిత్రమును వైద్యగ్రంథముగా జదువుచున్నారని మమ్ము నిందింపవచ్చును. మే మట్లు కోరుట లేదు. 1997లో అమెరికాలో ‘యాజ్ గుడ్ యాజ్ ఇట్ గెట్స్’ అను హాస్యచిత్రము వచ్చినది. అందును నాయకునకీ వ్యాధియే. హోటలునకు దన చెంచాలు దాను దెచ్చుకొనును. పేవుమెంటు రాళ్ళ నడుమ గీతను ద్రొక్కడు. అందును బ్రేమ గలదు, నవ్వు గలదు, పొరపాట్లును గలవు. కాని యొక సమయమున నాయకుడు తాను మందు వేసికొన నారంభించితినని ప్రేయసితో జెప్పును. ఆ చిత్రమంతటికిని నదియే ప్రేమవాక్యము. ఒక్క వాక్యముచే నవ్వు చెడలేదు. మన చిత్రమున కట్టి వాక్య మొకటి చేర్చుట యసాధ్యము కాదు. పెక్కుమందికి మందులును మేలు చేయును. అవి పనిచేయుటకు గొన్ని వారములు పట్టును, వైద్యుని సలహాతో దఱచుగా గొంత హెచ్చు మోతాదున వాడవలసియుండును. ఇంత మాత్రము తెలిసిన ప్రేక్షకుడు, తన యింటిలో నున్న రోగిని వేఱు కన్నుతో జూచును.

2020లో కోవిడు వచ్చినపుడు లోకమంతయు ఇరువది క్షణములు చేతులు గడుగుకొనుమనెను. ‘ఇప్పుడందఱమును మహానుభావులమే’ యని హాస్యమాడినవారిని మేము వింటిమి. నిజమునకు భేద మప్పుడే స్పష్టముగా దెలిసినది. ఇరువది యనగా ఇరువది, అక్కడ నాగవచ్చును. ఆగలేనివారికి మాత్రము ఆ కాలము దుర్భరమైనది. వారి భయమునకు లోకమే వంత పాడినది.

ఒక కఠినమైన విషయమును దాటవేయరాదు. వ్యాధి తనకు గావలసిన వస్తువును జుట్టునున్న సమాజమునుండి యెరువు తెచ్చుకొనును. జాతివిద్వేషము గల సమాజమున మాలిన్యభయము మనుష్యులపైకి మఱలుట యసంభవము కాదు. పాకీపని చేయు మనుష్యుని నీడకు, ఇంటి పనిమనిషి చేతికి భయపడు రోగి యుండవచ్చును. అప్పుడు ‘రోగము గదా’ యని యా యవమానమును మన్నింపవలెనా? వలదు. రోగమునకు జికిత్స చేయవలెను. అవమానమునకు క్షమాపణ చెప్పవలెను. వేఱు గ్లాసు పెట్టుట రోగికి మేలు కాదు, ఎదుటివానికి న్యాయము కాదు. చికిత్సయందును దారి యదియే: ఆ చేతినుండియే మంచినీరు పుచ్చుకొని త్రాగుట. సంస్కర్త చెప్పినదియు, వైద్యుడు చెప్పునదియు నిచ్చట నొక్కటే యగుట గమనింపదగినది.

కుటుంబములు చేయదగిన పనులు కొన్ని గలవు. ఎగతాళి మానుట మొదటిది. వ్యాధి నియమములలో బాలుపంచుకొనుటను, రోగితో ముందుగా మాటలాడి, మెల్లమెల్లగా దగ్గించుకొనుట రెండవది. ఒక్కమాఱుగా ‘ఇక జెప్పము పో’ యనుట కోపమగును గాని చికిత్స కాదు. మానసిక వైద్యుని జూచుట మూడవది. 2017లో జేయబడి 2018 మే 29నుండి అమలులోనికి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము ప్రభుత్వ మానసిక చికిత్సను ప్రజలకు హక్కుగా నిచ్చినది. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలిమానస్ సేవను 14416 అను సంఖ్యకు ఫోను చేసి తెలుగుననే పలుకరింపవచ్చును. ఇంటినుండి కదలుటకే భయపడు రోగికి ఫోను మొదటి మెట్టు కాగలదు.

‘మహానుభావుడు’ చెడ్డ చిత్రమని మా తీర్పు కాదు. ఒక తలుపు దెఱచి, లోపలికి బోక, గడపమీదనే నిలిచి నవ్వించి వచ్చిన చిత్రము. ఆ గది లోపల మన తల్లులున్నారు, మన విద్యార్థులున్నారు. ముందు రాబోవు తెలుగు రచయిత, నాటకకర్త గానిండు, చిత్రకర్త గానిండు, ఆ లోపలికి బోవలెనని మా కోరిక. నవ్వును విడువనక్కఱలేదు; రోగి గూడ తన వ్యాధినిజూచి నవ్వగలిగిననాడు సగము కుదిరినట్లే. అతడు మనతో గలసి నవ్వవలెను. అతనిని జూచి మనము నవ్వరాదు. వీరేశలింగముగారి యూర బుట్టిన హాస్యమునకు ఈ మాత్రపు వివేకము భారము కాదు.